తాళం తీసేసిన ఫైలు

బాగేపల్లిలో నేను పనిచేసే కేంద్రం పట్టుపురుగులను చిన్నప్పుడు సాకి రైతులకు ఇస్తుంది. గుడ్డు పగిలినప్పటినుంచి రెండు జ్వరాలు దాటేదాకా, అంటే పురుగు రెండుసార్లు పొర విడిచేదాకా, మా దగ్గరే పెరుగుతుంది. ఆ తర్వాత రైతు వచ్చి తట్టల్లో తీసుకుపోతాడు. ఎవరు ఏ రోజు వస్తారో ముందే రాసుకోవాలి. పురుగు ఆగదు, కోతకొచ్చిన మల్బరీ ఆకూ ఆగదు.

మా యజమానికి చిక్కబళ్లాపురంలోనూ చింతామణిలోనూ ఇలాంటి కేంద్రాలే ఉన్నాయి. ఒక్కో చోట ఒక సర్వరు. ఒకచోట పురుగులు చాలకపోతే ఇంకోచోటివి రైతు పేరున రాసి పంపుతారు, అందుకే రైతుల తేదీలుండే డేటాబేస్ ఫైలు మాత్రం ఒక్కటే. అది చిక్కబళ్లాపురంలో ఉంటుంది, మూడు సర్వర్లూ నెట్‌వర్కు మీద దాన్నే తెరుస్తాయి. ఒకరు రాస్తున్నంతసేపు ఫైలుకు తాళం పడుతుంది, మిగతా ఇద్దరూ ఆగాలి. ఈ ఏర్పాటు చేసిన ఇంజినీరమ్మ తాత ఒకప్పుడు మా పొలాలకు కాపలా ఉండేవాడు.

మొదటి వారంలోనే ఆమెకు ఫోను చేశాను, తెర కదలడం లేదని.

"కొంచెం ఆగల్లప్పా. చింతామణోళ్లు రాస్తాండారు."

"ఎంతసేపు?"

"మీరు నాతో మాట్లాడేలోపల అయిపోయుంటాది, చూడండి" అని నవ్వింది.

నిజంగానే అయిపోయింది. కానీ ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. కరణంగా ఉన్న మా తాత దగ్గరికి పరగోడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పొలం కాగితం పహణీ కోసం వచ్చి వసారాలో నిలబడేవారు. మనం ఎవరి వాకిట్లోనూ నిలబడలేదని మా నాయన భూములన్నీ పోయాక కూడా చెప్పుకునేవాడు. అది విని పెరిగినవాణ్ణి. తెర మీద ఆగమని కనబడినప్పుడల్లా వీపు బిగుసుకునేది. ఒక మధ్యాహ్నం సెట్టింగులు వెదికి, మా సర్వరు ఆ తాళాన్ని లెక్కచేయకుండా రాసేటట్టు మార్చేశాను. ఆమెను అడగలేదు. అడిగి ఉంటే ఎందుకు కూడదో రెండు మాటల్లో చెప్పేది.

కొన్ని వారాలు ఏమీ కాలేదు. బాగేపల్లి పని చురుగ్గా ఉందని యజమాని మెచ్చుకుంటే తల ఊపి ఊరుకున్నాను.

ఒక ఉదయం పరగోడు నుంచి ఒకామె ఆటోలో ఖాళీ తట్టలు వేసుకుని వచ్చింది. ఆ రోజు తేదీ రాసింది నేనే, నాకు గుర్తుంది. తెర మీద చూస్తే ఆమె పేరు ఉండాల్సిన చోట చింతామణి రైతు పేరుంది. ఆ పురుగులు పొద్దున్నే బండిలో చింతామణికి వెళ్లిపోయాయి. ఏం జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. ఇద్దరం ఒకేసారి రాశాం, వాళ్లది నిలిచింది, ఈమెది చెరిగిపోయింది.

"నీ పేరు లేదమ్మా. తేదీ తప్పు చెప్పింటావు" అన్నాను.

"యాడ తప్పు చెప్పినానప్పా? నా ముందరే కదా టకటకా కొడితిరి."

వెనక వరుసలో ఉన్న రైతొకాయన, "ఏమక్కా, అప్పుడే మతిమరుపు వచ్చిండాదా?" అన్నాడు. నలుగురూ నవ్వారు.

ఆమె నా ముఖంలోకి చూసింది. "మీది పెద్దిల్లప్పా. మీ ఇంట్లో అబద్ధమాడేది నేను వినిందే లేదు. నేనే తప్పు చెప్పింటాను లే."

తెర మీద చిక్కబళ్లాపురం వరుసలో ఇంకా ఎవరికీ రాయని పురుగులు కనబడుతూనే ఉన్నాయి. వాటిని తెప్పించాలంటే ఈమె పేరు ఎలా చెరిగిందో చెప్పాలి, నేను తాళం తీసిన సంగతి ఇంజినీరమ్మకు తెలిసిపోతుంది. ఫోను చేతిలోకి తీసుకుని మళ్లీ బల్ల మీద పెట్టేశాను. ఆమె తట్టలు ఎత్తుకుని వెళ్లిపోయింది.

మేం రాసిన పరగోడామె పేరు మీద చింతామణి పేరు పడిందని ఫైలు లెక్కల్లో చూసి, నాలుగు రోజులకు ఇంజినీరమ్మ వచ్చింది. మా సర్వరు ముందు కూర్చుని కాసేపు చూసి, "తాళం మీరే తీసినారా అప్పా?" అంది. అవునన్నాను. దాన్ని మళ్లీ పెట్టింది. లేస్తూ, "యజమానికి నేను చెప్తాను, అది నా పని. ఆ పరగోడామెకు మాత్రం మీరే చెప్పల్ల" అంది.

మరుసటి రోజు బస్సెక్కాను. ఆమె ఇంటి ముందు గొర్రెలకు మల్బరీ కొమ్మలు వేస్తోంది. తినే పురుగుల్లేక ఆకు దళసరిగా ముదిరిపోయింది. జరిగినదంతా చెప్పాను. ఆ రోజు చిక్కబళ్లాపురంలో పురుగులు మిగిలి ఉన్నాయని కూడా చెప్పాను.

ఆమె చేతిలో కొమ్మ అలాగే ఉండిపోయింది. "ఆ పొద్దే చెప్పింటే పోయి తెచ్చుకునేదాన్ని కదప్పా. నేను తప్పు చెప్పినానని మా ఇంటాయన నాతో మాట్లాడేది కూడా లేదు."

ఆమె లోపలికి పోయి కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. బహుశా అలవాటు కొద్దీ.

"కూచోండప్పా."

"వద్దమ్మా. మీ ఇంటాయన వచ్చేదాకా నిలబడతాను. ఆయనకూ చెప్పల్ల."

ఆమె వద్దనలేదు. గొర్రెల దగ్గరికి వెళ్లిపోయింది. ఆయన తోట నుంచి వచ్చేసరికి ఎండ తగ్గింది. అంతవరకూ ఆ వాకిట్లోనే నిలబడి ఉన్నాను.