డాక్టరు అడిగినప్పుడు నేను చెప్పింది

మా తమ్ముడికి పదిహేడేళ్ళ వయసులో జబ్బు మొదలైతే, దాన్ని ముందుగా కనిపెట్టి డాక్టరు దగ్గరికి చేర్చింది నేనేనని మా ఇంట్లో ఒక కథ ఉంది. అమ్మ దాన్ని పెళ్ళిళ్ళలో చెబుతుంది. "పెద్దోడు కనిపెట్టకపోతే చిన్నోడు మనకు దక్కకపోతుండె" అని నా భుజం మీద చెయ్యి వేసి మరీ చెబుతుంది. పాతికేళ్ళకు పైగా ఆ చేతి కింద ఊరుకున్నాను.

కిందటి నెల అల్వాల్‌లో, తను లెక్కలు చెప్పే కాలేజీలో, తమ్ముడే మైకు పట్టుకుని అదే కథ పిల్లలకు చెప్పాడు. "మీకు గిట్లయితే దాచుకోకుండ్రి. ఇంట్లో ఎవలకన్న చెప్పుండ్రి. నేను మా అన్నకు చెప్పిన. మా అన్న ఒక్క దినం ఆలస్యం చెయ్యలే." చివరి వరసలో ఉన్న నన్ను చూపించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను లేచి దండం కూడా పెట్టాను.

అందులో ఒక్క ముక్కే నిజం. వాడు నాకు చెప్పాడు.

నేరేడ్‌మెట్‌లో మా నాన్నకు టైలరింగ్ షాపు ఉండేది. మిలిటరీ వాళ్ళ యూనిఫారాలు కుట్టేవాడు. నేను ఇంటర్ తప్పగానే నన్ను షాపులో కూర్చోబెట్టారు. కాజాలు కుట్టడం, గుండీలు వేయడం, ఇస్త్రీ చేయడం నా పని. తమ్ముడు నాకంటే మూడేళ్ళు చిన్న. వాడికి పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయి. దాంతో వాడికి బల్ల, బల్ల మీద దీపం, పొద్దున్నే ఉడకబెట్టిన గుడ్డు వచ్చాయి. ఒకే గదిలో పడుకునేవాళ్ళం. వాడి దీపం వెలుగుతుంటే నేను గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. వాడు ఒక్కసారి కూడా నాతో గొప్పలు పోలేదు. అదే నాకు ఎక్కువ మండేది. గొప్పలు పోతే తిట్టడానికైనా ఉండేది.

వాడు ఇంటర్ రెండో ఏడు చదువుతున్నప్పుడు, డిసెంబరు ఆఖరులో అది ఉన్నట్టుండి మొదలైంది. నాలుగు రోజుల్లో మనిషి మారిపోయాడు. నిద్ర పట్టేది కాదు. పుస్తకం తెరిచి ఒకే పేజీ పట్టుకుని కూర్చునేవాడు. ఒకరోజు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి కుర్చీ ఎక్కి, గది వెంటిలేటర్ కంతల్లో యూనిఫారం గుడ్డముక్కలు కుక్కుతున్నాడు.

"ఏందిరా ఇది?"

"అన్నా, జెర నెమ్మదిగ మాట్లాడు. కాలేజోళ్ళు అండ్లకెల్లి మాట్లాడుతున్నరు. నా గురించే. నవ్వుతున్నరు."

"ఎవ్వలు లేరురా అక్కడ. అది పక్కింటోళ్ళ గోడ."

"నాకు సుత తెల్సు లేరని. అయినా ఇనవడుతుంది. నాకు భయమైతుందన్నా. నాయినకు నువ్వు చెప్పవా? నేను చెప్తే నాకే అర్థం కాకుండ చెప్త."

అంత స్పష్టంగా అడిగాడు. నేను సరేనన్నాను. వాడు కాలేజీకి వెళ్ళాక ఆ గుడ్డముక్కలన్నీ పీకి షాపు చెత్తలో కలిపేశాను. ఇంట్లోవాళ్ళు చూస్తే భయపడతారని అలా చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది కాదు కారణం. చూస్తే ఇల్లంతా వాడి చుట్టూ చేరుతుంది. అప్పటికే చేరి ఉన్నది చాలదా అనిపించింది.

నాన్నకు చెప్పానని వాడితో అబద్ధమాడాను. మూడు వారాల తర్వాత, నేను చెప్పకుండానే అమ్మ గమనించింది. అన్నం కలిపి ముద్దలు పెట్టినా వాడు నమలడం లేదు. మర్నాడు పొద్దున నాన్న షాపు షటర్ దించి తాళం వేశాడు.

ఆ తాళం సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. జనవరి ఇరవై ఆరుకు పరేడ్. దానికి ముందు పదిహేను రోజులు మాలాంటి షాపుల్లో మిషను ఆగదు. నాకు టైఫాయిడ్ వచ్చింది కూడా ఒక జనవరిలోనే. అమ్మ ఒక్కతే నన్ను రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నాన్న సాయంత్రం వచ్చి, మెడలో టేపు తీయకుండానే నా నుదురు ముట్టుకుని చూసి, మళ్ళీ షాపుకు వెళ్ళిపోయాడు. ఇప్పుడు పరేడ్ ఇంకా వారం ఉండగా షటర్ దిగింది. పక్కనున్న పాన్‌డబ్బా ఆయన అరిచాడు కూడా. "ఏంది మాస్టరూ, పరేడ్ ముంగట దుకాణం బందు జేసినవ్? ఏమన్న పెండ్లా?"

"చిన్నోనికి తబియత్ మంచిగ లేదు" అన్నాడు నాన్న. ఆ "చిన్నోనికి" అనడంలో ఆయన గొంతు వణికింది. నా పేరు చెప్పేటప్పుడు ఆ గొంతు అలా వణకడం నేనెప్పుడూ వినలేదు. క్లినిక్ దాకా అదే తలుచుకుంటూ నడిచాను.

మా డాక్టరు మామూలు జ్వరాలకూ దగ్గులకూ చూసే మనిషే, కానీ శ్రద్ధగలవాడు. తమ్ముడితో కాసేపు మాట్లాడాడు. వాడు భయంతో సగం సగం చెప్పాడు. "పెద్ద ఆసుపత్రిలో మెదడు, మనసు చూసే డాక్టరు ఉంటారు. ఆయనకు ఉత్తరం రాసిద్దామనుకుంటున్నా" అని పెన్ను క్యాప్ తీశాడు. తర్వాత నాన్నను అడిగాడు. "రాత్రిళ్ళు ఇతనితో ఎవరు పడుకుంటారు?"

నాన్న నన్ను చూపించాడు. డాక్టరు మిగతా ఇద్దరినీ బయట కూర్చోమన్నాడు. వెళ్తూ తమ్ముడు నా వైపు చూశాడు. ధైర్యం వచ్చినవాడిలా చూశాడు.

"నిద్రపోతున్నాడా?"

"పోతున్నడు సార్."

"తనలో తను మాట్లాడుకోవడం, ఎవరో పిలుస్తున్నారనడం?"

"అట్లాంటిదేం లేదు సార్. పరీక్షలు దగ్గరికొచ్చినయ్ కదా. పోయినేడు సుత గిట్లనే చేసిండు. నలుగురు దగ్గరుంటే ఎక్కువ చేస్తడు."

డాక్టరు నన్ను నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు, పక్క మంచం మీద పడుకునే అన్నను? పెన్ను క్యాప్ పెట్టేశాడు. బలానికి మాత్రలు రాసి, పరీక్షలు అయ్యాక తీసుకురమ్మన్నాడు. మధ్యాహ్నానికి షాపు తెరిచారు. నాన్న నా వీపు తట్టి, "జెర కాజాలు తొందరగ కానియ్యి బేటా" అన్నాడు. నాకు ఆనందం కలిగింది. ఇది రాయడం కష్టంగా ఉంది, కానీ కలిగింది ఆనందమే.

దారిలో తమ్ముడు అడిగాడు. "అన్నా, అన్నీ చెప్పినవా?"

"అన్నీ చెప్పిన" అన్నాను.

ఆ తర్వాత ఏడు వారాలు. వాడు పరీక్ష హాల్లోంచి రెండోరోజే లేచి వచ్చేశాడు. ఇంటికి రాలేదు. తిన్నగా అదే క్లినిక్‌కు, ఒక్కడే, నడుచుకుంటూ వెళ్ళాడు. జవాబులు రాయాల్సిన అదనపు కాగితం మీద తనకు ఏమేం వినిపిస్తోందో, ఎప్పటినుంచో వరసగా రాసుకుని వెళ్ళి డాక్టరు చేతిలో పెట్టాడు. డాక్టరు షాపు పక్కింటికి ఫోన్ చేయించాడు. మర్నాడే పెద్ద ఆసుపత్రి, మందులు. ఫైలు మోసింది నేను. నెలనెలా వెంట వెళ్ళింది నేను. ఫైలు నా చంకలో కనబడుతుండేది కాబట్టి చుట్టాలు కథ కట్టుకున్నారు, నేను కాదనలేదు. పదిహేడేళ్ళ పిల్లాడు ఆ భయంలో ఒక్కడే నడిచి వెళ్ళిన దారిని కూడా నా ఖాతాలో వేసుకున్నాను.

అల్వాల్‌లో చప్పట్లు విన్న వారానికి వాడి ఇంటికి వెళ్ళాను. ఆదివారం. వాడు వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్దుకుంటున్నాడు. ఇప్పటికీ వాడతాడు, బాగున్నాడు. అంతా చెప్పాను. చేతులు ఆపకుండా విన్నాడు.

"డాక్టర్ ఏమడిగిండు? ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాను.

"నువ్వేమన్నవ్?"

అదీ చెప్పాను. అప్పుడు చేతులు ఆగాయి.

"ఆ ఏడు వారాలు నేనేమనుకున్ననో తెల్సా నీకు? అన్న అన్నీ చెప్పిండు, అన్నీ ఇన్నంక సుత డాక్టర్ ఏం లేదన్నడు. జబ్బు కాదంటే మరి ఆ మాటలు నిజమే అన్నట్టు. అంతకుముందు సగం అనుమానమన్న ఉండె నాకు."

నాకు ఈ సంగతి తట్టనే లేదు. వాడి రోజులు పోయాయని బాధపడ్డానే గానీ, వాడి చేతిలో ఉన్న ఆ సగం అనుమానాన్ని నేనే లాక్కున్నానని తెలియదు. టైఫాయిడ్ సంగతి ఎత్తాను, నాన్న, టేపు, రిక్షా.

"అది సుత రాయి" అన్నాడు. "గని కారణమని రాయకు."

"రాయడమేందిరా?"

"రాసియ్యి. నోటితోని చెప్తే మళ్ళ మారుస్తవ్. వచ్చే నెల ఇంకో కాలేజోళ్ళు పిలిచిండ్రు. అక్కడ నేనిది చదువుత. ఇంట్లో ఒక్కలకు చెప్పి ఊకోకుండ్రి అని ఈసారి పిల్లలకు చెప్పాలె."

"నేనొస్త."

"రాకు. నువ్వు ముంగట కూసుంటే నీ మొకం చూసి మాట మెత్తగైతది."

అందుకే ఇది రాశాను. వాడికి ఇవ్వకముందే అమ్మకు తెలియాలని నిన్న వెళ్ళి చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. చివరికి ఒక్కటే అడిగింది.

"చిన్నోడు ఇన్నంక అన్నం తిన్నడా?"

తిన్నాడని చెప్పాను. యాభైకి దగ్గరపడ్డ మనిషిని. అంత చెప్పుకున్నాక కూడా, ఆ ప్రశ్న నా గురించి కానందుకు లోపల ఎక్కడో మండింది.