వీరభద్రం గేటు దాటిన రోజు

వీరభద్రం ఆర్టీసీలో బస్సు నడిపినన్నాళ్లూ ఆ పార్కు గేటు దాకా ఎన్నిసార్లు వెళ్లి ఉంటాడో ఆయనకే తెలియదు. లోపలికి మాత్రం ఒక్కసారి కూడా పోలేదు.

చలికాలం మొదలైతే చాలు, వరంగల్ చుట్టుపక్కల బడులవాళ్లు విహారయాత్రలకు బస్సులు మాట్లాడుకునేవారు. తెల్లవారకముందే పిల్లలు మంకీ టోపీలు పెట్టుకుని, చేతుల్లో టిఫిను డబ్బాలు పట్టుకుని బడి ముందు నిలబడి ఉండేవారు. హైదరాబాదు శివారులో ఉన్న ఆ పెద్ద ఆటల పార్కు గోడ కనిపించగానే బస్సులో ఒకటే అరుపులు. పిల్లలు దిగి, వరుసలు కట్టి లోపలికి పోయాక బస్సు ఒక్కసారిగా ఖాళీ అయ్యేది. వీరభద్రం కిటికీలన్నీ తెరిచి, సీట్ల కింద పడిపోయిన చెప్పులూ రబ్బరు బ్యాండ్లూ ఏరి ముందు పెట్టి, చివరి సీటులో తువ్వాలు పరుచుకుని పడుకునేవాడు.

"డ్రైవర్ సాబ్, మీరు గూడ రాండ్రి" అని టీచర్లు పిలవకపోలేదు.

"మీరు పోయి రాండ్రి సార్. నేను గిప్పుడు పండుకోకపోతే పొద్దుమీకి మీకే కష్టమైతది" అనేవాడు.

అది సాకు కాదు. తిరుగు ప్రయాణంలో పిల్లలంతా ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోతారు, టీచర్లూ కునుకుతారు. బస్సులో మేలుకుని ఉండాల్సిన మనిషి తనొక్కడే. అందుకే పగటి నిద్రను కూడా ఆయన డ్యూటీ కిందే లెక్కేసుకున్నాడు. గోడ అవతల నుంచి కెరటంలా లేచి పడే కేకలు వింటూ, ఈ పిల్లలు ఇంతగా భయపడి అరిచి, బయటికొచ్చేటప్పుడు నవ్వుకుంటూ ఎట్లా వస్తారా అని ఆలోచిస్తూనే నిద్రలోకి జారుకునేవాడు.

ఆయన రిటైరై రెండేళ్లయింది. మడికొండలో కొత్తగా కట్టిన ఇంట్లో కొడుకు భాస్కర్ కుటుంబంతో కలిసి ఉంటున్నాడు. భాస్కర్‌కు అక్కడి ఐటీ పార్కులోనే ఉద్యోగం. కోడలు యమున హన్మకొండలో టీచరు. మనవరాలు నవ్యకు ఐదో ఏడు నిండబోతోంది, దాని తమ్ముడు ఇంకా బోర్లాపడి పాకుతున్నాడు. పుట్టినరోజుకు ఏం కావాలని అడిగితే నవ్య ఆ ఆటల పార్కే కావాలంది. టీవీలో చూసిందట.

వీరభద్రం భార్య వినోద ముందే చేతులెత్తేసింది. "నీళ్లల్ల దుంకుడు, గాలిల ఎగురుడు నాతోని కాదు. నువ్వు పో. చిన్నోన్ని ఎత్తుకునేటందుకు ఒక మనిషి గావాలె గదా" అంటూ డబ్బా నిండా పులిహోర కలిపి ఇచ్చింది.

ఆ పులిహోర గేటు దాటలేదు. బయటి తిండి లోపలికి తేవద్దని, పసివాడి రాగిజావ ఒక్కటీ ఉంచి డబ్బాను కారులో పెట్టి రమ్మన్నారు. వీరభద్రం వెళ్లి పెట్టి వచ్చి, చేతికి కాగితం కంకణం కట్టించుకుని, మనవడిని భుజాన వేసుకుని లోపలికి అడుగుపెట్టాడు. ఎదురుగా నీళ్ల ఫౌంటెను, దాని వెనక ఆకాశంలో మెలికలు తిరిగిన ఇనుప పట్టాలు, వాటి మీద తలకిందులుగా పోతున్న మనుషులు. ఇన్నేళ్లూ చెవికి వినబడినవే ఇప్పుడు కంటికి కనబడుతున్నాయి.

నెల రోజులుగా ఏమేం ఎక్కుతానో చెప్పి ఇంట్లో అందరి చెవులూ హోరెత్తించిన నవ్య, ఎలుగుబంటి వేషం వేసుకున్న మనిషి షేక్‌హ్యాండ్ ఇవ్వబోతే తాత కాళ్ల వెనక దాక్కుంది. ఎక్కుదామన్న వాటికల్లా ఎత్తు సరిపోలేదు. ఎత్తు సరిపోయిన గిన్నెల్లో తిప్పే ఆట ఎక్కి, దిగేదాకా కళ్లు మూసుకునే ఉంది. అంతలో యమున దాన్ని బాత్‌రూముకు తీసుకెళ్లింది. అక్కడ గోడకున్న యంత్రం కింద చెయ్యి పెడితే వేడిగాలి బుస్సుమని వచ్చిందట. ఆ తర్వాత పిల్లకు పార్కంటే ఆ యంత్రమే.

"మళ్లొకసారి చేతులు కడుక్కుంట బాపూ" అంది తండ్రితో.

"గింత దూరం వచ్చింది చేతులు ఆరబెట్టుకునేటందుకానే?" అని భాస్కర్ తల పట్టుకున్నాడు గానీ, తీసుకెళ్లక తప్పలేదు.

పెద్ద పిల్ల సంగతి అట్లా ఉండగా చిన్నవాడు ఏడుపు అందుకున్నాడు. ప్రతి స్తంభానికీ ఒక స్పీకరు, అందులోంచి దద్దరిల్లే పాట. కునుకు పట్టబోతుంటే ఉలిక్కిపడి లేస్తున్నాడు. తల్లులు పాలిచ్చే గదిలో మనిషి మీద మనిషి. యమున ఒక బెంచీ మీద కూర్చుని చున్నీ కప్పుకుని పాలు పట్టబోతే, వాడు ప్రతి చప్పుడుకూ తల అటూ ఇటూ తిప్పేస్తున్నాడు. ఎండ నడినెత్తికొచ్చింది. వీరభద్రం కోడలి ముఖం చూశాడు. కళ్ల కింద నల్లగా చారలు. వీడు పుట్టినప్పటి నుంచీ ఆ పిల్ల కంటినిండా నిద్రపోయిన రాత్రి లేదని ఇంట్లో అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన విషయం కాబట్టే ఎవరూ దాని గురించి మాట్లాడుకోలేదు.

నవ్యను తీసుకుని వచ్చిన భర్తతో యమున మెల్లగా అంది. "ఇంటికి పోదామండి. నాతోని అయితలేదు."

భాస్కర్ తండ్రి వైపు చూశాడు. నవ్య కళ్లలో అప్పుడే నీళ్లు తిరుగుతున్నాయి.

"జర ఆగు బిడ్డా" అన్నాడు వీరభద్రం. "నాకొక జాగ ఎరుకే. చప్పుడుండదు, గాలొస్తది. చిన్నోన్ని ఇటియ్యి, నా ఎంబడి రా."

నవ్యను భాస్కర్ దగ్గర వదిలి, గేటు దగ్గర కాపలా మనిషిని అడిగి, తిరిగి లోపలికి రావడానికి చేతుల మీద ముద్ర వేయించుకుని, కోడలిని బస్సులు ఆపే చోటికి తీసుకెళ్లాడు. మైదానం చివర వేపచెట్ల వరుస, వాటి నీడలో బస్సులు. ఇన్నేళ్లలో ఆ చెట్లు కూడా బాగా ఎదిగాయి. డ్రైవర్లు ఎక్కడివాళ్లక్కడ తువ్వాళ్లు పరిచి పడుకుని ఉన్నారు. వరంగల్ బస్సు ఏదైనా ఉందేమోనని చూస్తూ పోతుంటే ఒకతను మోచేతి మీద లేచి, "వీరన్నా, నువ్వేనా?" అన్నాడు.

అతను మొగిలి. ఒకే డిపోలో పనిచేశారు. వీరభద్రం కన్నా బాగా చిన్నవాడు, తొర్రూరు దగ్గర ఏదో బడి పిల్లలను తీసుకొచ్చాడట. వీరభద్రం భుజాన ఉన్న పసివాడిని, వెనకున్న యమునను చూడగానే అతనికి సంగతి అర్థమైపోయింది. మారుమాట లేకుండా బస్సు తలుపు తెరిచాడు.

"ఖాళీగనే ఉన్నది చెల్లె. ఫికర్ చెయ్యకు. ఇటు దిక్కు ఎవలు రారు" అన్నాడు.

మగవాళ్లిద్దరూ చెట్టు కిందికి వెళ్లిపోయారు. చప్పుడు లేని చోట పసివాడు కడుపునిండా పాలు తాగాడు. యమున పిలిచాక వీరభద్రం బస్సెక్కి, ఆమె చున్నీ తీసుకుని, నిలబడే ప్రయాణికులు పట్టుకునే పై కడ్డీలకు రెండు కొసలూ కట్టి, ముడి గట్టిగా లాగి చూసి, మనవడిని అందులో వేశాడు. రెండు ఊపులకే వాడు పిడికిళ్లు వదిలేశాడు.

"నువ్వు గూడ జర నడుం వాల్చు బిడ్డా."

"వద్దు మామయ్యా. నవ్య ఏం చేస్తాందో ఏమో."

"దానికి వాళ్ల బాపున్నడు. వీనికి నేనున్న. పండుకో."

ఆమె ఇంకేదో అనబోయింది గానీ చివరి సీటు దాకా వెళ్లేసరికే ఒళ్లు వాలిపోయింది. చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంది. అంతే. వీరభద్రం పక్క సీటులో కూర్చుని ఊయల ఊపుతూ ఉండిపోయాడు. వేపాకుల మీదుగా వచ్చిన గాలి ఒక కిటికీలోంచి వచ్చి ఇంకో కిటికీలోంచి పోతోంది. గోడ అవతల కేకలు లేస్తున్నాయి, పడుతున్నాయి. ఆ బస్సులో ముగ్గురికీ అవి పట్టలేదు.

కాసేపటికి మొగిలి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. వీరభద్రం కారు తాళం చెవి ఇచ్చి పంపితే పులిహోర డబ్బా తెచ్చాడు. ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ తిన్నారు.

"లోపట ఎట్లుంటదన్నా?" అని అడిగాడు మొగిలి.

వీరభద్రం ఆలోచించాడు. "మంచిగనే ఉంటది. అందరు లైన్ల నిలబడుతరు. దేనికని అడిగితే భయపడేటందుకంటరు."

"మరి నువ్వేం ఎక్కినవ్?"

"ఏమెక్కలె తమ్మీ. పొద్దటి సంది వీన్ని ఎత్తుకునే సరిపాయె."

"గేటు దాటి గూడ ఎక్కకపోతే నాకు, నీకు ఫరకేమున్నదన్నా?" అన్నాడు మొగిలి నవ్వుతూ. అది వీరభద్రం మనసులో ఎక్కడో తగిలింది.

యమున లేచేసరికి నీడలు పక్కకు జరిగాయి. చెంప మీద సీటు గుడ్డ గీతలు పడి ఉన్నాయి. కంగారుగా లేచి కూర్చుని, జుట్టు ముడి వేసుకుంటూ, "ఎంతసేపు పండుకున్న మామయ్యా?" అంది.

"నిద్ర తీరేదాక" అన్నాడాయన.

ఆమె కిటికీలోంచి గోడ అవతల కనబడుతున్న ఇనుప పట్టాల వంక కాసేపు చూసింది. తర్వాత, తనలో తనే చెప్పుకున్నట్టు అంది. "పదో తరగతిల ఉన్నప్పుడు మా బడోళ్లు గీడికే తోలుకొచ్చిన్రు. అదెక్కుదామని ఎంతసేపో లైన్ల నిలబడ్డ. మా వంతు రాంగనే టైమైందని టీచర్లు బస్సు కాడికి నడువుమన్నరు."

యమున పుట్టిల్లు నర్సంపేట. ఆ బస్సు తనే నడిపి ఉంటాడా అని వీరభద్రానికి ఒక క్షణం అనిపించింది. "నర్సంపేట డిపో బండి అయ్యుంటది, మాది కాదు" అన్నాడు నిజాయితీగా. "అయితే గిప్పుడు ఎక్కు. పిల్లగాండ్లను మేం జూసుకుంటం."

లోపల భాస్కర్ కూతురితో బొమ్మ రైలు దగ్గర ఉన్నాడు. యమున సంగతి చెబితే అతను పట్టాల వైపు చూసి వెంటనే పసివాడిని అందుకున్నాడు. "నాతోని కాదు. మన ఇంట్ల నిచ్చెన ఎక్కుమంటెనే నాకు కాళ్లు వణుకుతయి. నువ్వు పో. వీండ్ల దగ్గర నేనుంట."

యమున రెండడుగులు వేసి ఆగి వెనక్కి తిరిగింది. "మామయ్యా, మీరు గూడ రాండ్రి."

"నాకెందుకు బిడ్డా గవన్ని" అనబోయాడు. కానీ నోటికొచ్చిన మాట అది కాదు. "ముసలోన్ని ఎక్కనిస్తరా?" అన్నాడు.

ఎక్కనిచ్చారు. బీపీ ఉందా, గుండె జబ్బుందా అని అడిగారు. రెండూ లేవు. కళ్లద్దాలూ చెప్పులూ భాస్కర్‌కు ఇచ్చేసి, వీరభద్రం కోడలి పక్కన కూర్చున్నాడు. భుజాల మీదికి ఇనుప చట్రం దిగి బిగుసుకుంది. బండి కటకటమంటూ పైకి పాకింది. పైనుంచి మైదానం, వేపచెట్లు, వాటి కింద అగ్గిపెట్టెల్లాంటి బస్సులు మసకమసకగా కనబడ్డాయి. మొగిలి బస్సు ఏదా అని చూస్తుండగానే కింద నేల లేకుండా పోయింది.

ఆయన కుడికాలు తనంతట తాను బ్రేకు కోసం వెతికింది. బ్రేకు లేదు. చేతులు స్టీరింగు కోసం తడుముకున్నాయి. అదీ లేదు. ముప్పై ఏళ్లు వెనక కూర్చున్న వాళ్లందరి ప్రాణాలూ తన చేతుల్లో పెట్టుకుని నడిపిన మనిషి, ఇప్పుడు ఎవరి ప్రాణానికీ జవాబుదారీ కాదు. పట్టాలు ఎటు తిప్పితే అటు పోవడమే. ఆ సంగతి ఒళ్లు గ్రహించగానే, ఆటోలు అడ్డమొచ్చినా, లారీలు రాసుకుపోయినా ఏనాడూ గొంతు పెంచని వీరభద్రం నోరు తెరిచి కేకేశాడు. అది ఎంతకీ ఆగలేదు. పక్కన యమున కూడా అరుస్తోంది, మధ్యమధ్య నవ్వుతోంది. ఆయన కేకలోకీ నవ్వు ఎప్పుడు వచ్చి చేరిందో ఆయనకు తెలియలేదు.

దిగాక ఆయన అడుగులు పక్కకు పడ్డాయి. యమున ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపించింది. ఆమె జుట్టంతా రేగిపోయి ఉంది, పెళ్లయి ఇంటికొచ్చిన కొత్తలో కనబడిన నవ్వు మళ్లీ ముఖంలో ఉంది.

"లైను చిన్నగున్నది మామయ్యా" అంది.

"అయితే నడువు" అన్నాడు.

రెండోసారి దిగాక నవ్య తాతను బొమ్మ రైలు ఎక్కించింది. "భయపడకు తాతా, నేనున్న" అని చెయ్యి పట్టుకుంది. ఆ రైలు ఒక చిన్న కొలను చుట్టూ నడిచే మనిషి కన్నా మెల్లగా తిరిగింది. పిల్ల కళ్లు మూసుకోకుండా ఎక్కిన ఆట అదొక్కటే.

సాయంత్రం బయటికొచ్చేసరికి మొగిలి తన పిల్లలను లెక్కపెట్టుకుంటూ బస్సెక్కిస్తున్నాడు. దూరం నుంచే చెయ్యి ఊపి, "ఎక్కినవా అన్నా? ఎట్లున్నది?" అని అడిగాడు.

"చెప్తే తెలువది తమ్మీ. ఒక్కపాలి నువ్వు గూడ లోపటికి పో" అన్నాడు వీరభద్రం. "టీచర్లు పిలిస్తే కాదనకు. పొద్దంత పండుకోకున్నా ఒక గంట పండుకుంటే చాలు."

పొద్దు గూకే వేళకు జనగామలో చాయ్ కోసం ఆగారు. పిల్లలిద్దరూ వెనక సీటులో నిద్రపోతున్నారు, వాళ్ల మధ్య యమున. భాస్కర్ చాయ్ తేవడానికి పోయాడు. వీరభద్రం కారు దిగి ఒళ్లు విరుచుకుంటుంటే వినోద ఫోను చేసింది.

"ఎట్లైంది? పిల్లలు సతాయించిన్రా?"

"లేదు. చిన్నోడు మంచిగ పండుకున్నడు. కోడలు గూడ పండుకున్నది. నవ్య రైలెక్కింది."

"నువ్వేం జేసినవ్ మరి?"

"నేను కేకలేసిన."

నలభై ఏళ్ల కాపురంలో ఆమె ఎన్నడూ వినని మాట అది. "ఎవలి మీద?" అంది భయంగా.

"ఎవలి మీద లేదే. ఊకెనే."

వినోదకు అది అర్థం కాలేదు. "సరే, బియ్యం కడిగి పెట్టిన. మెల్లగ రాండ్రి" అని ఫోను పెట్టేసింది.