ఉల్లిపిన్ని విత్తనం

మా అమ్మ చెల్లెల్ని ఊరంతా ఉల్లిపిన్ని అనేవారు. మా లోయలో పైన మెరక మీద మొక్కజొన్న, కింద ఏటి ఒడ్డున ఒండ్రు నేలలో కూరగాయలు పండుతాయి. అన్నీ పడవలెక్కి దిగువనున్న సంతకు పోతాయి. అందులో చిట్టి ఎర్ర ఉల్లి మాత్రం పిన్ని ఒక్కతే పండించేది. ఇంకొకరిని పండించనిస్తేగా! అత్తగారిచ్చిన విత్తనమట. కాళ్ళావేళ్ళా పడినా ఒక్క గింజ రాల్చేది కాదు. సొంత అక్కకే ఇవ్వలేదు. అంత పీనాసిని నేనెక్కడా చూడలేదు. అన్నం పెట్టడంలో మాత్రం ఆవిడ చెయ్యి పెద్దది, ఆ మాటా చెప్పాలి.

మా ఏరు వంపు తిరిగే చోట ఇవతలి గట్టును కోసి, ఆ మట్టిని దిగువన అవతలి గట్టుకు మేట వేస్తుంది. ఆ ఏడు వరద పిన్ని పొలం అంచును, దానిమీదున్న పాకనూ పట్టుకుపోయింది. విత్తనం కోసం దాచిన ఉల్లిపాయల గుత్తులన్నీ ఆ పాకలోనే వేలాడుతున్నాయి.

"నేల పోతే ఏరే మళ్ళీ ఇస్తుందిరా. విత్తనం ఎవర్నడగను? ఎవరికిచ్చాను గనక?" అంటూ పిన్ని కుమిలిపోయింది.

వరద తీశాక పడవవాడు కబురు తెచ్చాడు. అవతలి ఒడ్డున, ఎండైనా వానైనా గొడుగు వదలడని అందరూ గొడుగాయన అనే రైతు పొలం ముందు పడ్డ మేటలో ఉల్లి మొలకలు లేచాయట. పిన్ని చెప్పులైనా వేసుకోకుండా పడవెక్కింది. వెనకే నేనూ.

మేం వెళ్ళేసరికి ఆ రైతు ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో నాగలి పట్టుకుని మేట దున్నుతున్నాడు. పిన్ని పోయి ఎద్దుల ముందు చతికిలబడింది.

"లేమ్మా, ఇది నా నేల."

"నేల నీదే అన్నయ్యా. మొలకలు నావి. కావాలంటే నలిపి వాసన చూడు."

ఆయన వాసనేం చూడలేదు. ఎద్దుల్ని పక్కకు మళ్ళించాడు.

"మరి కలుపెవరు తీస్తారు?"

"నేనే."

అన్నదే గానీ, పిన్నికి పడవ దొరకని రోజుల్లో ఆయనే తీశాడు. పూత వచ్చింది, గింజ నల్లబడింది. పిన్ని గింజలు దులిపి, చెరిగి, సగం ఒక గుడ్డలో మూటగట్టి ఆయనకిచ్చింది. నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను.

"నాకెందుకమ్మా? మళ్ళీ వరదొస్తే ఏరే తెచ్చిపెడుతుందిగా!" అని ఆయన నవ్వాడు.

పిన్ని నవ్వలేదు. మూట ఆయన అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"ఉంచుకో అన్నయ్యా. నా దగ్గరున్నది పోయిననాడు వచ్చి అడగడానికి నాకొక గుమ్మం ఉండాలి."