ఆదెమ్మ మనవరాలు

సుబ్బరత్నమ్మకి ఊళ్ళో ఎవరితోనూ పడేది కాదు. నూజివీడు నుంచి విస్సన్నపేట పోయే రోడ్డు పక్క మామిడితోటలో, తాటాకు పాకలో ఒంటరిగా ఉండేది. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుణ్ణి వదిలేసి తండ్రి దగ్గరికి వచ్చేసింది. కాపు రోజుల్లో కాయ మీద చెయ్యేసినవాడి తాతముత్తాతలను కూడా వదలకుండా తిట్టేది. వాళ్ళు తిరిగి ఆమె తాత సంగతెత్తి నవ్వేవాళ్ళు.

ఆ తోట వేసింది ఆమె తాత రాఘవులే, తెల్లదొరల కాలంలో. అయితే అతన్ని తాత అనే హక్కు ఆమెకు ఉందా లేదా అన్నదే తగాదా. రాఘవులి భార్య వెంకాయమ్మకి పుట్టిన కోటయ్య మేడలో పెరిగాడు. అంతకుముందే ఆదెమ్మ అనే ఆమెకి బుచ్చయ్య పుట్టాడు. ఆదెమ్మ పురుట్లోనే పోయింది. పిల్లవాణ్ణి ఆమె తల్లి తోటలోనే ఉండి పెంచింది. ఆదెమ్మని రాఘవులు ఉంచుకున్నాడే గాని పెళ్ళాడలేదని మేడవాళ్ళు చెప్పారు. ఊరూ అదే నమ్మింది. అలా బుచ్చయ్య ఆ తోటకి కాపలాదారుగా బతికి, "తోటలో పుట్టినోడు" అనిపించుకుంటూనే పోయాడు. ఆ బుచ్చయ్య కూతురే సుబ్బరత్నమ్మ.

1983 వేసవిలో కోటయ్య కొడుకు నారాయణరావు తోటని బేరం పెట్టాడు. పాక ఖాళీ చెయ్యమని స్వయంగా వచ్చి చెప్పాడు. కూలీలు కాయ కోస్తున్నారు.

"ఎవడి తోట ఎవడమ్ముతాడు? ఇందులో సగం మా నాన్నది," అంది సుబ్బరత్నమ్మ.

"ముందు మీ నాన్నకి నాన్నెవరో తేల్చుకో. తోట సంగతి తర్వాత చూద్దాం."

కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. సుబ్బరత్నమ్మ చేతిలో కాయ కోసే కర్ర ఉంది. దాంతోనే అతని భుజం మీద ఒక్కటి వేసింది. నారాయణరావు పోలీసు కేసు పెట్టాడు. ఆమె నూజివీడు కోర్టులో వాటా కోసం దావా వేసింది.

నారాయణరావు కోర్టుకిచ్చిన వంశవృక్షంలో రాఘవులి కింద కొడుకుగా ఒక్క కోటయ్య పేరే ఉంది. అది చూసి సుబ్బరత్నమ్మ ప్లీడరు తల గోక్కున్నాడు.

"ఆదెమ్మగారి పెళ్ళి చూసినవాళ్ళెవరైనా బతికున్నారా అమ్మా?"

"ఎప్పటి పెళ్ళండీ అది! ఎవరుంటారు?"

"పోనీ, ఆవిడ పుట్టింటివాళ్ళని అడిగి చూడండి."

ఆ పుట్టిల్లు మైలవరం అవతల ఒక పల్లె. సుబ్బరత్నమ్మ వెళ్ళేసరికి ఆదెమ్మ తమ్ముడి కొడుకు బసవపున్నారావు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వచ్చిందెవరో తెలియగానే మొహం మాడ్చుకున్నాడు. కూర్చోమనలేదు, మంచినీళ్ళివ్వమని లోపలికి చెప్పలేదు.

"మా మేనత్తకి పెళ్ళే కాలేదన్నారా? ఆ మాట వాళ్ళంటుంటే మీరు ఇన్నేళ్ళూ గాడిదల్ని కాస్తున్నారా?"

"ఆ మాటే కోర్టులో చెప్పు మావయ్యా."

"నేను రాను. మీ ఊరి మొహం చూడనని మా నాన్న ఒట్టేసుకుని పోయాడు. మా మేనత్త పోయి ఏడాది తిరక్కుండానే మీ తాత రెండో పెళ్ళికి సిద్ధపడ్డాడు. చచ్చిన సవతి పీడించకుండా రెండో పెళ్ళాం మెడలో బిళ్ళ కట్టుకుంటుందే, అది మా మేనత్త పేరున కట్టాల్సిందేనని మావాళ్ళు పట్టుబట్టారు. కట్టించారు కూడా. ఆ మెడనే అడుక్కో, పో."

వెంకాయమ్మ పోయి చాలా కాలమైంది. కానీ ఆవిడ కూతురు నాగేంద్రమ్మ హనుమాన్ జంక్షన్‌లో ఉంది. పైగా ఆవిడే నారాయణరావు తెచ్చుకున్న సాక్షి, అతనికి సొంత మేనత్త. బోనులో నిలబడి, ఆదెమ్మ కూలికొచ్చిన మనిషనీ, తన తండ్రి చేరదీశాడనీ తడుముకోకుండా చెప్పింది. చెబుతూ సుబ్బరత్నమ్మ వైపు చీదరగా చూసింది.

అప్పుడు సుబ్బరత్నమ్మ ప్లీడరు లేచాడు.

"మీ అమ్మగారి మెడలో పుస్తెలతో పాటు ఒక బిళ్ళ ఉండేదాండీ?"

"ఉండేది. అయితే ఏంటి?"

"అది ఎవరి పేరున కట్టుకున్నారు?"

నాగేంద్రమ్మ నారాయణరావు వైపు చూసింది. అతనికి ఆ సంగతి తెలియదు.

"ఉంచుకున్న మనిషి పేరున కూడా మీ ఇళ్ళల్లో బిళ్ళ కట్టుకుంటారా?" అన్నాడు ప్లీడరు, కాస్త నవ్వుతూ.

ముసలావిడకి ఒళ్ళు మండిపోయింది. "మా అమ్మనేమనుకున్నావయ్యా? ఉంచుకున్నదాని పేరున బిళ్ళ కట్టుకునేంత గతిలేని మనిషా? సవతంటే తాళి కట్టిన సవతి! కాబట్టే కట్టుకుంది!"

అనేశాక గాని, ఏమందో ఆవిడకి తెలియలేదు.

కోర్టు హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ప్లీడరు సంతోషంగా వెనక్కి తిరిగాడు గాని సుబ్బరత్నమ్మ మొహంలో సంతోషం లేదు. ఏటా తొలి కోత కాయల గంప నెత్తిన పెట్టుకుని తండ్రి మేడకి వెళ్ళేవాడు. ఆయన్ని వాకిలి దాటి లోపలికి రానివ్వనిది ఆ వెంకాయమ్మే. మెడలో ఆ బిళ్ళ పెట్టుకుని కూడా ఆవిడ ఆయన్ని తోటలో పుట్టినోడా అని పిలిచింది. బయటికొచ్చాక సుబ్బరత్నమ్మ కోర్టు మెట్ల మీద నిలబడి, ఎప్పుడో పోయిన ఆ మనిషిని గొంతు పోయేదాకా తిట్టింది. ఎవరూ ఆపలేదు.

ఆ ఒక్క మాట మీదే కాకపోయినా, ముఖ్యంగా దాని మీదే తీర్పు వచ్చింది. తోటలో సగం బుచ్చయ్య కూతురిది. హద్దురాళ్ళు పడేలోగా నారాయణరావు ఆమె వాటాలోకి పోయే రసాల చెట్లను కొట్టించాడు. ఆమె మళ్ళీ కేసు పెట్టింది. ఖాళీ అయిన జాగాలో మామిడి అంట్లు నాటి, మధ్యన ముళ్ళకంచె వేయించింది. కంచెకి ఇటువైపు పడ్డ అతని కాయ ఒక్కటి కూడా తిరిగివ్వలేదు. నారాయణరావు మేనత్తతో మాటలు మానేశాడు. కూతురి పెళ్ళికి కూడా ఆవిణ్ణి పిలవలేదు.

ఆ తర్వాత ఒకసారి హనుమాన్ జంక్షన్ బస్టాండులో నాగేంద్రమ్మ కనబడింది. సుబ్బరత్నమ్మ జనాన్ని తోసుకుంటూ దగ్గరికి వెళ్ళింది.

"అత్తా! బాగున్నావా అత్తా?" అంది, బస్సులోవాళ్ళు కూడా తలలు తిప్పేటట్టు.

"ఎవతివే నువ్వు? ఎవతికే అత్త?"

"కోర్టు చెప్పిందిగా! నువ్వే చెప్పావుగా! మా నాన్న నీకు అన్నయ్య!"

నాగేంద్రమ్మ మొహం తిప్పుకుని, అది ఎక్కడికి పోయే బస్సో కూడా చూసుకోకుండా ఎక్కేసింది. సుబ్బరత్నమ్మ కిటికీ పక్కన నడుస్తూ, బస్సు కదిలేదాకా అత్తా అత్తా అని పిలుస్తూనే ఉంది.