మామ వాయించని క్లారినెట్

మా మేనమామ మద్రాసు స్టూడియోల్లో ఇరవై ఏళ్లు క్లారినెట్ వాయించాడు. అంతకుముందు చిత్తూరులో మా తాత నడిపిన బ్యాండు సెట్టులో పెళ్లిళ్లకు వాయించేవాడు. ఎన్ని సినిమాలకు వాయించాడో ఆయనకే గుర్తులేదు. తెర మీద మాత్రం ఒక్కదాంట్లోనూ పేరు పడలేదు. అప్పట్లో వాద్యగాళ్ల పేర్లు వేసే అలవాటు లేదు. కీబోర్డులు వచ్చి పిలుపులు తగ్గిపోయాక, క్లారినెట్ పెట్టె పట్టుకుని మళ్లీ చిత్తూరుకే వచ్చేశాడు.

ఆయన వాయించినవాటిలో మా ఇంట్లో అందరికీ తెలిసిన ముక్క ఒకటుంది. ఒక పాత సినిమాలో రైలు వెళ్లిపోయాక కథానాయిక ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా నిలబడి ఉంటుంది. కాసేపటికి వెనక్కి తిరుగుతుంది. మాటల్లేవు, క్లారినెట్ ఒక్కటే. మొత్తం నిమిషం కూడా ఉండదు. ఆ సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా మా అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, అదైపోయేదాకా నిలబడి విని, మళ్లీ లోపలికి వెళ్లేది.

తొంభైల్లో నేను తిరుపతిలో చిన్న రికార్డింగు స్టూడియో పెట్టాను. తిరుచానూరు పోయే దారిలో ఒక లాడ్జి మేడ మీద గది. గోడలకు కొబ్బరిపీచు చాపలు, వాటి మీద కోడిగుడ్ల అట్టలు. కింద యాత్రికులు బకెట్లు దొర్లించే చప్పుడు ఆగినప్పుడు చూసుకుని రికార్డు చేసేవాళ్లం. ఎక్కువగా భక్తి పాటల క్యాసెట్లు చేసేవాణ్ని. కీబోర్డు నేనే వాయించేవాణ్ని.

పాత సినిమాల నేపథ్య సంగీతాన్ని కొత్తగా వాయించి క్యాసెట్టుగా తేవాలన్న ఆలోచన కూడా నాదే. పాతవాటిలో బుసబుసమనే శబ్దం, ఒక మూల వయొలిన్లు గట్టిగా, ఇంకో మూల తబలా వినపడనట్టుగా. అదంతా కడిగి శుభ్రంగా వినిపిస్తే జనం మెచ్చుకుంటారని నా నమ్మకం. రైల్వే స్టేషను ముక్క అందులో ఉండాలి, దాన్ని మామే వాయించాలి, అట్ట మీద ఆయన పేరుండాలి అనుకున్నాను. చిత్తూరుకు పోయి ఆయనకు చెప్పాను. లోపలికెళ్లి పెట్టె తెచ్చి, మూత తీసి, క్లారినెట్ భాగాలు ఒక్కొక్కటిగా తుడవడం మొదలుపెట్టాడు. తర్వాత నెల రోజులు పొద్దున్నే సాధన చేశాడట. అత్త చెప్పింది.

అప్పటికి ఆయనకు డెబ్బై దగ్గర. పై పళ్లు కట్టించుకున్నాడు. క్లారినెట్‌ను పై పళ్లతోనే అదిమి పట్టాలి.

బస్సు దిగి మేడ ఎక్కి వచ్చి, గది నాలుగు వైపులా చూశాడు.

"బొమ్మ యాడుండాది?" అని అడిగాడు.

బొమ్మ అంటే సినిమా. వాళ్ల కాలంలో తెర మీద ఆ రీలు ఆడుతుంటే, దాన్ని చూస్తూ అందరూ ఒకేసారి వాయించేవాళ్లు. ఇప్పుడు బొమ్మ అక్కర్లేదని, మిగతా వాద్యాలన్నీ ముందే రికార్డయి ఉన్నాయని, హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని వాటితో పాటు వాయిస్తే చాలని చెప్పాను.

"ఆ యమ్మ ఎప్పుడు తిరగతాదో నాకెట్ల తెలుస్తాది మరి?" అన్నాడు.

అప్పుడు చెప్పాడు, ఆ ముక్కలోని పొడుగు స్వరం ఎంతసేపు నిలపాలో కాగితం మీద రాసి లేదని. ఆమె తిరిగేదాకా ఊపిరి తీసుకోవద్దని సంగీత దర్శకుడు చెప్పాడట. తెర మీద ఆమె అనుకున్నదానికంటే నిదానంగా తిరిగింది, ఈయన ఊపిరి పట్టుకుని స్వరాన్ని అలాగే నిలిపాడు. నేను శ్రద్ధగా వింటున్నట్టు తల ఊపాను. నా లెక్కలో ఆ స్వరం నాలుగు తాళం దెబ్బలు. అంతే.

చెవుల్లో కొలతకు టిక్కు టిక్కు అని మోగుతూ ఉంటుంది. దాన్ని తీసేయమన్నాడు. కుదరదన్నాను. గోడ వైపు తిరిగి, అట్టలను చూస్తూ వాయించాడు. మొదటిసారి టిక్కు కంటే వెనకబడ్డాడు. రెండోసారీ అంతే. మూడోసారి పొడుగు స్వరం చివర వణికింది. పై పళ్లు కదిలాయి. నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు.

"సాలా అప్పా, ఇంకొకసారి వాయించేదా?" అన్నాడు.

బాగా వచ్చింది మామా, చాలు అన్నాను. మధ్యాహ్నం బస్సుకు ఎక్కించి వచ్చాను.

మర్నాడు విన్నాను. మిగతా సంగీతమంతా నేను కోరుకున్నట్టు శుభ్రంగా ఉంది. ఆయన వాయించింది దాంట్లో ఇమడలేదు. నా రికార్డింగు యంత్రంలో ఎనిమిది వరసలే, అంటే ఎనిమిది ట్రాకులే. ఖాళీ వరస లేదు. కీబోర్డులో క్లారినెట్ గొంతు పెట్టి, ఆయన వరస మీదే నేను వాయించేశాను. గంట పట్టింది. ఎక్కడా వణుకు లేదు, ఒక్క దెబ్బా తప్పలేదు. ఆయన వాయించింది అలా చెరిగిపోయింది. అట్ట మీద పేరు మాత్రం అప్పటికే అచ్చయి ఉంది. క్లారినెట్ అని, దాని ఎదురుగా ఆయన పేరు.

క్యాసెట్టు పంపించిన వారానికి చిత్తూరుకు వెళ్లాను. వెళ్లక తప్పలేదు. అత్త అలసంద వడలు పెట్టి పెరట్లోకి పోయింది. మామ క్యాసెట్టు ఊసే ఎత్తకుండా ఊళ్లో వానల గురించి మాట్లాడాడు. నేను తినడం అయ్యాక అన్నాడు.

"మళ్లా అచ్చేసేటప్పుడు నా పేరు తీసెయ్యప్పా. వాయించని దానికి పేరెందుకు?"

ఆ క్షణంలో నేను నిజం చెప్పేయొచ్చు. కోప్పడేవాడు కాదు. కానీ నా నోట్లోంచి వేరే మాట వచ్చింది. మద్రాసులో మిక్సింగు చేసినవాళ్లు నాకు తెలియకుండా మార్చేశారని, నేను కూడా క్యాసెట్టు చేతికొచ్చాకే చూశానని చెప్పాను. మిక్సింగు మద్రాసులో జరగనే లేదు.

ఆయన నా ముఖం వైపు చూశాడు. "అట్లనా," అన్నాడు. "నువ్వేం జేస్తావులే. సుమ్మా, ఊరికే మనసులో పెట్టుకోబాక," అని నన్నే ఓదార్చాడు.

మళ్లీ అచ్చు వేయలేదు. క్యాసెట్టు ఆడలేదు. పాత సంగీతం ఇష్టమైనవాళ్లకు పాతదే కావాలి, మిగతావాళ్లకు రెండూ అక్కర్లేదు.

రెండు వేల సంవత్సరం దాటాక స్టూడియో మూసేసి, ఒక స్కూల్లో సంగీతం చెప్పే పనిలో చేరాను. ఒక ఆదివారం ఆ పాత సినిమా సీడీ దొరికితే ఇంటికి తెచ్చి ఆ ముక్క పెట్టాను. బుసబుసమంటూనే ఉంది. వయొలిన్లు ఒక మూలకే ఉన్నాయి. క్లారినెట్ మొదట్లో కొంచెం గరుకుగా ఉంది. పొడుగు స్వరం దగ్గర ఆమె తిరగదు. ఇంకా తిరగదు. స్వరం సన్నబడుతుంది గానీ తెగదు. ఆమె తిరిగాక, మామ ఊపిరి పీల్చుకున్న చప్పుడు చిన్నగా వినపడింది. ఇన్నేళ్లలో నేను దాన్ని గమనించనే లేదు. తర్వాత నా క్యాసెట్టు పెట్టి అదే ముక్క విన్నాను. నాలుగు దెబ్బలకు స్వరం ఆగిపోయింది. అక్కడ ఎవరూ ఎవరి కోసమూ ఎదురుచూడటం లేదు.

వెళ్లి చెప్పేయాలనుకున్నాను. వేసవి సెలవుల్లో వెళదామనుకున్నాను. ఆ వేసవి రాకముందే ఆయన పోయాడు.

పదకొండో రోజు భోజనాలయ్యాక, బంధువొకాయన టేప్‌రికార్డరులో ఆ క్యాసెట్టు పెట్టాడు. మనాయన వాయించింది, పేరు కూడా వేసినారు చూడండి అంటూ అట్టను అందరికీ చూపించాడు. అందరూ మాటలు మానేసి విన్నారు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గోడకు ఆనుకుని కూర్చుని, నేను వాయించింది మొత్తం విన్నాను. అత్త మధ్యలోనే లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

వెనకే వెళ్లి, నీళ్ల తొట్టి దగ్గర ఆమె నిలబడి ఉంటే, అదంతా చెప్పాను. మద్రాసు అబద్ధంతో సహా. ఆమె ఆశ్చర్యపోలేదు.

"ఆ క్యాసెట్టు వచ్చిన పొద్దు," అంది, "ఒకసారి విని ఆపేసినాడు. పెట్టె తీసి, నన్ను ఈ గడపలో నిలబడమన్నాడు. నేను సెప్పినప్పుడు కాదు, నీకు తిరగాలనిపించినప్పుడు తిరుగు అన్నాడు. నేను తిరిగేదాకా వాయించినాడప్పా. ఆ పొద్దు ఎంత బాగా వాయించినాడో."