పై ఇంట్లో అచ్చయిన ఫొటో

మా అపార్ట్‌మెంటులో ఎవరికి ఫొటో కావాలన్నా రెండో అంతస్తు బాలనర్సయ్య గారి తలుపు తట్టాల్సిందే. చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద స్టూడియోలకు కొదవేం లేదు. అయినా ఆయన ఊరుకోడు. "ఇంట్ల మిషిను వెట్టుకొని నిన్ను బయటికి పంపితే నాకు నామోషీ గాదా బిడ్డా?" అంటాడు. ఫొటోతోపాటు ఓ ఉపన్యాసం కూడా ఉచితంగా వినాలి. కాగితం నాణ్యత దగ్గర మొదలుపెట్టి, తను చీరల షాపులో పనిచేసిన రోజుల దాకా తీసుకెళ్తాడు.

ఆయనది పోచంపల్లి పక్కన మగ్గాల ఊరు. దిల్‌సుఖ్‌నగర్‌లో సేల్స్‌మన్‌గా చేసి చేసి, మోకాళ్లు మొరాయించాక ఇంటిపట్టున ఉన్నాడు. అప్పుడే కంప్యూటరూ, ఫొటో ప్రింటరూ కొన్నాడు. దానికో కారణం ఉంది. వాళ్లమ్మ పోయినప్పుడు దినాల రోజు పెట్టడానికి ఆమెది ఒక్క ఫొటో కూడా దొరకలేదు. ఎవరిదో పెళ్లి ఫొటోలో వెనక వరుసలో ఉన్న ముఖాన్ని కత్తిరించి పెద్దది చేయించారు. కళ్లూ ముక్కూ కలిసిపోయి, పక్కావిడ భుజం కూడా దాంట్లోకి వచ్చింది. భోజనానికొచ్చిన చుట్టాలు "ఎవరు గీమె?" అని అడిగారట. ఆ మాట ఆయన్ని ఇప్పటికీ పీడిస్తూనే ఉంటుంది.

అందుకే కాలనీలో ఎవరు పోయినా, అడక్కముందే ఫొటో తయారు చేసి పట్టుకెళ్తాడు. మెడలో దండ, అటూ ఇటూ దీపాలు, కింద శ్రద్ధాంజలి. ఏడుస్తున్నవాళ్లు కూడా ఆ ఫొటో చూసి ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంటారు. అక్కడితో ఆగితే ఆయనంత మంచివాడు లేడనేదాన్ని. ఆగలేదు. ముసలివాళ్లవి ముందే చేసి దాచడం మొదలుపెట్టాడు.

"బతికున్నోళ్లకు దండలేస్తవా? జర సిగ్గుండాలె" అని భార్య అండాలమ్మ ఎన్నిసార్లు తిట్టిందో!

"అక్కరొచ్చినప్పుడు ఉరుకులాడుడు మంచిదా?" అనేవాడాయన.

ఆ వరుసలో మా అత్తగారు కూడా ఉన్నారని నాకు తర్వాత తెలిసింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆయన ఇంటికి సరిగ్గా పైన సీతారాములు గారి ఇల్లు. నల్గొండ వైపు నుంచి లారీలు నడిపిన మనిషి. పొద్దున నడక, సాయంత్రం చాయ్, మధ్యలో రాజకీయం, అన్నీ ఇద్దరూ కలిసే. మనవరాలి స్కూలు ప్రాజెక్టుల కోసం సీతారాములు ప్రింటరు కొంటానంటే, అచ్చం తన లాంటిదే కొనిపించాడు బాలనర్సయ్య. రెండిళ్లకూ వైఫై ఒకటే, అది కూడా ఈయనదే. పైన ప్రింటరు బిగించి, కింద తన కంప్యూటరు నుంచి ఓ పువ్వు బొమ్మ పంపి పరీక్ష చేసుకున్నాడు. పువ్వు పైన అచ్చయింది. అలా తన కంప్యూటరుకు కలిపిన పై ప్రింటరును మళ్లీ తీసెయ్యాలని ఆయనకు తోచలేదు.

పోయిన వానాకాలం సీతారాములు గారికి గుండెల్లో నొప్పొచ్చి మలక్‌పేట దవాఖానలో పడ్డాడు. ఇప్పుడే ఏం చెప్పలేమన్నారు డాక్టర్లు. చూసి ఇంటికొచ్చిన బాలనర్సయ్యకు కాలూ చెయ్యీ ఆడలేదు. వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

మావాడి హాల్‌టికెట్ ఫొటో కోసం నేను వెళ్లేసరికి తెర మీద తెల్ల అంగీలో సీతారాములు, మెడలో బంతిపూల దండ.

"అయ్యో! ఎప్పుడండీ?" అన్నాను.

"పోలేదమ్మా, ఇంక పోలే. రేపేమన్నయితే ఆగమాగం గావొద్దని" అన్నాడు తల ఎత్తకుండా.

ఛీ అనిపించింది. అయినా నా పని నాకుంది కదా, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

అంతకుముందే కరెంటు పోయి వచ్చింది. ప్రింట్ నొక్కాడు. ఆయన ప్రింటరు ఉలకలేదు, పలకలేదు. దాని మీద చిన్న లైటు మిణుకుమిణుకుమంటోంది. ఆపి మళ్లీ వేశాడు. కాగితం తీసి దులిపి పెట్టాడు. ఇంకు చూశాడు. కంప్యూటరులో చూస్తే ఒకే పేరుతో రెండు ప్రింటర్లు కనబడ్డాయి. ఒకటి వెలవెలబోయి ఉంది, రెండోది సిద్ధమంటోంది. "గది పాతది, పండుకున్నది. గిది మల్ల లేచింది" అని రెండోదాన్ని ఎంచుకుని మళ్లీ నొక్కాడు. కంప్యూటరు అచ్చయిందంది. ఇక్కడ చూస్తే ఏమీ లేదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ అచ్చయిందనే అంది.

"అచ్చయితే యాడికి పోయింది మరి, గాల్లకా?" అని విసుక్కుంటూ వరసపెట్టి నొక్కేశాడు. ఆఖరికి, వైరేమైనా వదులైందేమోనని బల్ల కిందికి దూరాడు.

ఆ వైరు పట్టుకుని వంగి ఉండగానే మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. తిరుపతమ్మ వచ్చింది, సీతారాములు భార్య. దవాఖానకు బువ్వ తీసుకెళ్లడానికి అప్పుడే ఇంటికొచ్చిందట. కాళ్లకు చెప్పుల్లేవు, చేతిలో కాగితాలు.

"నర్సయ్యా, ఎప్పుడు పోయిండే? మీకందరికి ఫోనొచ్చిందా? నాకెందుకు చెప్పలే?"

పొయ్యి మీద అన్నం పెట్టి నిలబడితే, ముందు గదిలో ప్రింటరు దానంతటదే కదిలి మొగుడికి దండేసి బయటికి నెట్టింది. ఒకటి, వెనకే ఇంకొకటి. అందరికీ తెలిసి తనకు దాస్తున్నారనుకుంది పిచ్చితల్లి. గుమ్మంలోనే కూలబడిపోయింది.

బాలనర్సయ్య బల్ల కింద నుంచి లేవలేదు. "పోలే వదినా... నేనే... ముందుగాల..." అని ఆగిపోయాడు. అండాలమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి దవాఖానలో తోడున్న సీతారాములు కూతురికి ఫోన్ చేసి తిరుపతమ్మ చెవికి ఆనించింది. ఆయన మజ్జిగ అడుగుతున్నాడని కూతురు చెబుతోంది. ఆ ముక్క విన్నాక తిరుపతమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కాగితాలు కొంగులో చుట్టుకుని పైకెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. అదంతా చూస్తూ కూర్చున్నందుకు నాకే తల కొట్టేసినట్టయింది, ఇక బాలనర్సయ్య సంగతి చెప్పేదేముంది.

"వైఫై గట్ల చేసింది" అన్నాడు ఎవరూ అడక్కుండానే.

"వైఫై ఏసిందా దండ?" అంది అండాలమ్మ. ఆయన లేచి కంప్యూటరు స్విచ్చి తీసేశాడు. ఆ తర్వాత దాని జోలికి వెళ్లలేదు.

సీతారాములు గండం గడిచి ఇంటికొచ్చాడు. అందరూ చూసొచ్చారు, బాలనర్సయ్య తప్ప. నడక మానేశాడు, లిఫ్టు చప్పుడైతే తలుపు వేసుకునేవాడు. తిరుపతమ్మ మొగుడికి ఏమీ చెప్పలేదు. ఈ సంగతేమీ తెలియని సీతారాములు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. "నర్సయ్యా, ఏడున్నవ్? ఇంటికొచ్చిన నాడు పిల్లలు ఫొటో దీసిండ్రు, అచ్చెయ్యవా?"

తప్పించుకోలేక కంప్యూటరు వేశాడు. పైన మనవరాలు ప్రింటరులో కొత్త కాగితాలు పెట్టింది. ఆ రోజు అక్కడ కాగితం అయిపోయి, ఈయన నొక్కిన ఆఖరి నొక్కు ఇంకా వంతు కోసం కాచుకునే ఉందని ఎవరికి తెలుసు? నేను పథ్యం కూర పట్టుకుని పైకి వెళ్లినప్పుడే ప్రింటరు కదిలింది. పక్కనే కూర్చున్న సీతారాములు కాగితం అందుకున్నాడు. తిరుపతమ్మ వచ్చేలోపే చూసేశాడు.

ఇదేందని తిరుపతమ్మను అడిగి జరిగిందంతా చెప్పించుకున్నాడు. తర్వాత బాలనర్సయ్యను పిలిపించాడు. వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడాయన, చెప్పులు కూడా విప్పకుండా.

"మంచిగనే చేసినవ్" అన్నాడు సీతారాములు. గొంతులో వెటకారం లేదు, అందుకే భయం వేసింది నాకు. "అందరియి తయారు పెట్టుకున్నవంట గదా. నీది చేసినవా?"

మొత్తం అపార్ట్‌మెంటులో పెద్దవాళ్లందరికీ దండలు కట్టిన మనిషికి తన మెడ గుర్తు రాలేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

తర్వాతది అండాలమ్మ చెప్పింది. కిందికొచ్చి తన ఫొటో తెర మీద పెట్టుకున్నాడట. మంచి ఫొటో, చీరల షాపులో తీసింది. దండను పట్టుకుని మెడ దాకా లాగడం, వదిలెయ్యడం, మళ్లీ లాగడం. చివరికి రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడట. అందరి ఫొటోలూ చెరిపేసి, మెట్లెక్కి మళ్లీ పైకి వెళ్లాడు.

"అన్నా, నాది నేను చేసుకోలేకపోయిన" అన్నాడు.

సీతారాములు సోఫాలో కాస్త జరిగాడు. "చెప్పులిడిసి రా, చాయ్ చల్లారుతది."