వేరుగా పెట్టిన గ్లాసు

అసలు పరీక్షకు ముందు ఉత్తుత్తి పరీక్ష ఒకటి చేయించుకోవాలని ఎదురింటామె చెప్పగానే నాకు అనుమానం వచ్చింది. ఆమె ఊరికే సలహా ఇచ్చే మనిషి కాదు. మా చెట్టు మునక్కాయలు కాసే కాలంలో తప్ప మా గడప తొక్కదు. అప్పుడు చెట్టుకు పూత కూడా లేదు.

"చెన్నైలో కెనడావాళ్ళు పెట్టిన డాక్టరు దగ్గర ఒకసారి తేడా అని పడిందంటే కంప్యూటర్లోకి ఎక్కిపోద్దక్కా. మళ్ళా దాన్ని ఎవురూ తీయలేరు. ముందుగా నెల్లూర్లో ఒక ఎక్స్‌రే తీయించి చూసుకో. మా చెల్లెలి కోడలికి అట్నే చేసినారు," అనింది.

"మా పిల్లకేముందని తేడా పడేదానికి?"

"ఏమీ లేదులే. వాళ్ళ నాయన సంగతి నీకు నేను గుర్తు చేయాల్నా?"

ఈ మాట అనడానికే వీధి దాటి వచ్చిందన్నమాట.

వాళ్ళ నాయన అంటే మా అల్లుడు. దగ్గి దగ్గి పోయాడు. ఆ జబ్బు పేరు మా ఇంట్లో ఎవరూ పలకరు, రొమ్ము జబ్బు అంటాం. నా కూతురు నర్సు చదువు చదివింది. మొగుడు పోయాక బిడ్డను నాకప్పగించి కువైట్ వెళ్ళింది, అక్కడినుంచి కెనడా వెళ్ళింది. అప్పటికి పిల్ల పలక మీద అ ఆలు దిద్దుతోంది. ఇప్పుడు ఇంటర్ మొదటి ఏడు. ఇన్నాళ్ళకు నా కూతురికి అక్కడ స్థిరంగా ఉండే కాగితం దొరికింది, బిడ్డకూ దరఖాస్తు పెట్టింది. అన్నీ అయ్యాయి. ఆరోగ్య పరీక్ష ఒక్కటే మిగిలింది. అది దాటితే పిల్ల తల్లిని చేరుతుంది. దాటకపోతే మందులు, మళ్ళీ పరీక్షలు, మళ్ళీ ఎదురుచూపు. ఆ లోపల ఆ దేశంవాళ్ళు ఏ తలుపు మూస్తారో ఎవరికి తెలుసు?

నా కూతురు ఫోన్లో బొమ్మ కనిపించేటట్టు మాట్లాడి జాగ్రత్తలన్నీ చెప్పింది. పాస్‌పోర్టు మరిచిపోవద్దంది. మూత్రం పరీక్ష ఉంటుంది కాబట్టి పిల్ల నెలసరి రోజులు చూసుకుని రోజు ఖాయం చేయమంది. రక్తం కూడా తీస్తారంది.

"పెళ్ళికాని పిల్ల రక్తంలో వాళ్ళు ఏం వెతుకుతారే?"

"అందరికీ చేస్తారమ్మా. రూలు."

"అందరికీ చెయ్యమను. మన పిల్లకెందుకు?"

అది నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ రోజునుంచి పిల్ల మీద ఒక చెవి వేసి ఉంచాను. కాలేజీకి పోయేటప్పుడు రెండుసార్లు దగ్గింది. మాది తోటపల్లి గూడూరు వైపు, రొయ్యల గుంటల పక్క ఊరు. గాలి తిరిగిందంటే మేత కంపు ఇంట్లోకి కొడుతుంది, ఎవరికైనా దగ్గు వస్తుంది. అయినా నాకు నిద్ర పట్టలేదు. మిరియాల చారు కాచి ఇచ్చాను. ఐస్‌క్రీములు మాన్పించాను. పిల్ల మాత్రం పుస్తకం ముందు పెట్టుకుని, పేజీ తిప్పకుండా కూర్చునేది.

"ఏంది మే, చదవతా ఉండావా, నిద్రపోతా ఉండావా?"

"చదవతానే ఉండానవ్వా."

పేజీ తిప్పకుండా చదివే చదువు నేను మూడో తరగతి దాకా చదివినా చూడలేదు.

ఎదురింటామె మీద కోపం ఉన్నా, ఆమె మాటలో నిజం ఉందేమోనని భయం వేసింది. పిల్లను తీసుకుని నెల్లూరు వెళ్ళాను. ఎక్స్‌రే తీసే చోట ఒక అమ్మాయి, మూతికి కట్టాల్సిన మాస్కు గడ్డం కింద వేలాడేసుకుని, పిల్ల మెడలో గొలుసు, చెవుల కమ్మలు, జాకెట్టుకున్న పిన్నీసు అన్నీ తీయించింది. వాటిని కొంగున ముడివేసుకున్నాను.

"నువ్వు బయట ఉండవ్వా. కిరణాలు పడతాయి," అనింది.

"నా మీద పడితే చెడ్డది, బిడ్డ మీద పడితే మంచిదా?"

"ఒక్క సెకనే గదవ్వా. గమ్మున కూచో."

తలుపు వేసింది. గాలి బాగా పీల్చు, బిగబట్టు, అని లోపలినుంచి వినిపించింది. అంతే. ఇంత చిన్న పనికి అంత పెద్ద తలుపెందుకో నాకు అర్థం కాలేదు.

భోజనాల వేళ దాటాక డాక్టరు పిలిచాడు. ఫిల్మును దీపం పెట్టెకు తగిలించి, కుడివైపు పైన వేలు పెట్టాడు. "ఇక్కడ మచ్చ మాదిరి కనపడతా ఉండాదమ్మా. ఇది ఫలానా అని ఇప్పుడే చెప్పలేం. కళ్ళె, అంటే దగ్గితే పడే తెమడ, పరీక్ష చేయించండి. ఇంట్లో ఎవురికైనా టీబీ ఉండిందా?"

ఆ పేరును ఇన్నేళ్ళకు ఒక మనిషి నా మొహం మీద పలికాడు. ఉండిందని చెప్పాను. అడిగేవాళ్ళు సగం తెలిసే అడుగుతారు, అబద్ధం చెప్పి ఉపయోగం లేదు.

అయితే ఆ కంగారులో కూడా ఒక సంగతి నా కంట పడింది. పిల్ల ఉలిక్కిపడలేదు. బస్టాండు దగ్గర, "అవ్వా, బజ్జీలు కొనిస్తావా?" అనింది. ఊపిరితిత్తిలో మచ్చ ఉందని విన్న బిడ్డకు బజ్జీల మీద మనసు ఎలా పోతుంది? కొనివ్వలేదు. బయట నూనె బజ్జీలు నేను మామూలు రోజుల్లోనే కొనను.

ఇంటికి వచ్చి, చేయాల్సింది చేశాను. అల్లుడు జబ్బుపడ్డప్పుడు అతనికి కంచం, గ్లాసు వేరు పెట్టాను. తప్పు కాదు, ఇంట్లో చిన్నపిల్ల ఉంది. అతను పోయాక ఆ గ్లాసును పారేయలేదు. మంచి బరువైన స్టీలు, అంచు కాస్త సొట్ట పోయిందంతే. ఎవరూ వాడకుండా అటక మీద పెట్టాను. ఇప్పుడు దాన్ని దింపి, తోమి, నీళ్ళ బిందె పక్కన కిటికీలో బోర్లించాను.

"ఇకనుంచి నీళ్ళు దీంట్లో తాగు," అన్నాను.

పిల్ల దాని వైపు చూసింది. సొట్ట మీద వేలు పెట్టింది.

"ఇది నాయన గ్లాసు గదా?"

"ఎవురిదైతేనేం? నీళ్ళు ఆగుతాయి గదా."

అప్పుడు ఉలిక్కిపడింది. డాక్టరు దగ్గర రాని భయం గ్లాసు దగ్గర వచ్చింది. ఆ పూట అన్నం తినలేదు. దాహమైనా ఆ గ్లాసు ముట్టుకోలేదు. దొడ్లో కుళాయి కింద దోసిలి పట్టి తాగడం నేను వంటింట్లోంచి చూశాను. గ్లాసును మాత్రం కిటికీలోంచి జరపలేదు.

నా కూతురికి చెప్పలేదు. అంత దూరంలో ఉన్నదానికి చెబితే అది ఏడవడం తప్ప ఏం చేయగలదు? నా బుర్రలో వేరే లెక్క తిరుగుతోంది. మచ్చ చూపించి, ఆ పరీక్ష ఈ పరీక్ష అని తిప్పించుకోవడం కొన్నిచోట్ల ఉన్న వ్యాపారమే. లేదా వేరేవాళ్ళ ఫిల్ము మాకు అంటగట్టి ఉండాలి. మరునాడు పొద్దున్నే సంచి తీసుకుని బయలుదేరాను.

"పద. ఆ ఎక్స్‌రే పిల్లను నాలుగు అడిగొస్తాం."

"వద్దులే అవ్వా. మచ్చ ఉంటే ఉండనీ. కెనడాకు పోకపోతే ఏమైపోద్ది?"

నేను చెప్పులు వేసుకుంటూ ఆగిపోయాను. ఆ మాటను కూడా బజ్జీల మాట పక్కన దాచిపెట్టుకున్నాను.

ఎక్స్‌రే అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. గొడవకొచ్చే మనుషులను ఆమె నడక చూసే కనిపెడుతుందనుకుంటాను.

"ఏందవ్వా, మళ్ళా వచ్చినావు?"

"ఎవురి ఫోటోనో నా మనవరాలిదని ఇచ్చినావంట. అది అడగను వచ్చినా."

"ఫోటోల స్టూడియో కాదవ్వా ఇది, మార్చి ఇచ్చేదానికి. నంబరు పడుద్ది."

"నంబరు ఎవురు వేస్తారు? నువ్వే గదా?"

"అబ్బా, ఈమె పోలీసు ఉద్యోగం చేయాల్సిన మనిషి." నవ్వుతూనే ఫిల్ము లాక్కుని వెలుగుకు పెట్టి చూసింది. నవ్వు ఆగిపోయింది. ఇంకా దగ్గరగా చూసింది. ఆ తర్వాత నన్ను వదిలేసి పిల్ల వైపు తిరిగింది.

"జడ పైకి చుట్టుకోమని నీకు చెప్పినా గదమ్మా? జడ ముందుకు పడితే రొమ్ము మీద మచ్చ మాదిరి వస్తుందని రెండుసార్లు చెప్పినా."

పిల్ల తలెత్తలేదు.

"చుట్టినావు గూడా. నేను వెనకనుంచి చూసినా, ముడి ఉండింది. మరి ఇదేంది?" ఫిల్మును నా ముందుకు జరిపింది. "చూడవ్వా. నూనె పెట్టిన లావు జడ. ఎక్స్‌రే పలకకూ రొమ్ముకూ నడమ ఇరుక్కున్నట్టుంది. నేను మిషను కాడికి పోయినాక జారిపోయిందో, జార్చుకుందో, ఆ సంగతి నాకు తెలీదు."

జారేటట్టు కట్టే చెయ్యి కాదు మా పిల్లది. నూనె రాసి జడ వేసి పెంచింది నేను.

ఆ అమ్మాయి ఇంకో ఎక్స్‌రే తీసింది. ఈసారి ముడి పడ్డాక కూడా పక్కనే ఉండి, ముందువైపు వంగి చూసి మరీ మిషను దగ్గరకు వెళ్ళింది. డాక్టరు చూసి, ఏమీ లేదన్నాడు. కళ్ళె పరీక్ష కూడా అక్కర్లేదన్నాడు.

ఆటోలో వేరే మనుషులున్నారు. ఊరి దగ్గర దిగి గుంటల గట్టు మీద నడిచేటప్పుడు అడిగాను.

"ఎవురు నేర్పినారు?"

"ఎవురూ నేర్పలా. ఆ అక్కే చెప్పింది గదా, జడ పడితే మచ్చ వస్తుందని. అప్పుడు తట్టింది."

"మీ అమ్మ నీకోసం అక్కడ మంచం కొని పెట్టింది. తెలుసా?"

"తెలుసు. ఫోన్లో చూపించింది." దారిలో ఉన్న పెంకును కాలితో గుంటలోకి తన్నింది. "అమ్మ గొంతు తెలుసవ్వా నాకు. మనిషి తెలీదు. ఆడికి పోయి ఆమెతో ఏం మాట్లాడాల? బువ్వ తిన్నావా, చదువుకున్నావా అని ఆమె అడుగుద్ది. ఆ అని నేను చెప్తా. ఆ తర్వాత?"

జవాబు లేనప్పుడు నేను కేకలేస్తాను. వేశాను. ఇంటికి వచ్చాక అది కిటికీలో గ్లాసు వైపు చూసి, నా వైపు చూసింది. మచ్చ లేదని తేలింది కదా, తీసేస్తానని అనుకుంది. తీయలేదు. అసలు పరీక్ష ఇంకా చెన్నైలో ఉంది. అక్కడా తలుపు వేస్తారు, అక్కడా నన్ను బయటే కూర్చోబెడతారు. లోపల జడ ఎక్కడుంటుందో చూడడానికి నా దగ్గర ఏ మిషనూ లేదు.

చెన్నైకి పోయేనాడు పిల్ల తలకు నూనె పెట్టలేదు. పాత నూలు చీర అంచు చించి, జుట్టంతా నడినెత్తికి ఎత్తి, ఆ పీలికతో బిగించి ముడి వేశాను. గేదెను కట్టే ముడి అది. లాగే కొద్దీ బిగుస్తుంది. విప్పాలంటే కొస ఎక్కడుందో తెలియాలి.

"నొప్పి అవ్వా!"

"నొయ్యనీ."

మనుబోలు దాటి, గూడూరు టౌను దాటి, బస్సు చెన్నై చేరేవరకు అది కిటికీకి తల ఆనించి కూర్చుంది. నేను ముడినే చూస్తూ కూర్చున్నాను. క్లినిక్‌లో పాస్‌పోర్టు చూశారు, ఫోటో తీశారు, ఎత్తు బరువు చూశారు, రక్తం తీశారు. ఎన్ని సీసాలు తీస్తారోనని లెక్కపెడుతుంటే నర్సు నన్ను పక్కకు జరిపింది. చివరికి ఎక్స్‌రే గది. ఆయా తమిళం కలిసిన తెలుగులో, పెద్దమ్మా నీవు ఇక్కడే ఉండు, అని కుర్చీ చూపించింది. బట్టలు మార్చుకునే చిన్న గదిలోకి పిల్ల ఒక్కతే వెళ్ళింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

ఆ గదిలో ఉండాల్సినదానికంటే ఎక్కువసేపు ఉందని నాకనిపించింది. ఆయా తలుపు తట్టింది కూడా.

బయటికి రాగానే నా చెయ్యి ముందుగా ముడి మీదికి పోయింది. ముడి ఉంది. బిగువుగా ఉంది. అయితే కొస ఎడమ పక్క ఉంది. నేను కుడి పక్క వదిలాను. ఆ ముడి వేయడం దానికి నేర్పింది నేనే.

తిరుగు బస్సులో, ఇంటినుంచి తెచ్చిన పులిహోర పొట్లం విప్పి దాని చేతిలో పెట్టి అడిగాను.

"ఇప్పినావు గదా?"

"ఇప్పినా."

"ముందుకేసుకున్నావా?"

"ఆ గదిలో వేసుకున్నా. అద్దం ఉండిందాడ. చూసుకున్నా." పులిహోరలో మిరపకాయను ఏరి పక్కన పెట్టింది. "అప్పుడు గ్లాసు గుర్తొచ్చింది. మచ్చ పడితే అది కిటికీలోనే ఉంటుంది, నువ్వు తియ్యవు. మళ్ళా ఎత్తి కట్టుకున్నా."

"నిజంగా కట్టుకున్నావా?"

"రిజల్టు వస్తే తెలుస్తుంది గదవ్వా. నా మాట నువ్వెట్లాగూ నమ్మవు."

నమ్మలేదు. కబురు వచ్చేదాకా నమ్మలేదు. చెన్నైవాళ్ళు మమ్మల్ని మళ్ళీ పిలవలేదు. కొన్నాళ్ళకు నా కూతురే ఫోన్ చేసి, మెడికల్ దాటిందమ్మా అని చెప్పి, ఫోన్లోనే ఏడ్చింది. పిల్ల ఫోను తీసుకుంది. బువ్వ తిన్నావా అని తల్లి అడగకముందే, "అమ్మా, ఆడ నా మంచం కిటికీ పక్కన ఉండాదా, గోడ పక్కన ఉండాదా?" అని అడిగింది. అది అడగడానికి ఎన్నాళ్ళనుంచి మాటలు కూడబెట్టుకుందో తెలియదు. తల్లి ఏం చెప్పిందో నాకు వినపడలేదు గానీ చాలాసేపు చెప్పింది.

నేను కిటికీ దగ్గరకు వెళ్ళి గ్లాసు తీయబోయాను, అటక మీద పెట్టేద్దామని. పిల్ల ఫోను పెట్టేసి వచ్చి, నా చేతిలోంచి దాన్ని తీసుకుని, బిందెలో ముంచి, నిండా నీళ్ళు తాగింది. తాగి, మూతి తుడుచుకుంది.

"ఏం మే, దాన్ని ఇప్పుడెందుకు తీసినావు?"

"నీళ్ళు ఆగుతాయి గదవ్వా," అనింది.

అది ఎత్తిపొడుపో, మామూలు మాటో తేల్చుకోవాలని దాని మొహం చూశాను. అది నా మొహమే చూస్తోంది.